ఓల్టేజి ఒక్కటే కబురు

స్కాట్లండ్ ఈశాన్య కొసన, విక్ అనే ఊరికి దగ్గర్లో, నాస్ హెడ్ అనే చోట ఒక విద్యుత్ స్విచింగ్ స్టేషన్ ఉంది. మూడు దిక్కుల నుంచి వచ్చే డీసీ కేబుళ్లు అక్కడ కలుస్తాయి. ఉత్తరాన షెట్లండ్ దీవుల్లోని కెర్గోర్డ్ స్టేషన్ సామర్థ్యం 600 మెగావాట్లు. ఇటు ప్రధాన భూభాగం మీదున్న స్పిటల్ స్టేషన్‌ది 800. ఈ రెండూ కలిసి దక్షిణాన మరో సముద్రపు పాయ దాటించి బ్లాక్‌హిల్లాక్‌కు కరెంటు పంపాలి. అక్కడి స్టేషన్ పుచ్చుకోగలిగేది 1200 మాత్రమే. ఆరూ ఎనిమిదీ పద్నాలుగు. పన్నెండులో ఎలా పడతాయి?

కట్టినవాళ్లు లెక్క తప్పలేదు. షెట్లండ్‌లో గాలి ఉరకలు వేసే గంటలోనే స్పిటల్ చుట్టుపక్కల గాలిమరలన్నీ పూర్తి వేగంతో తిరగాలని లేదు. తిరిగినా స్పిటల్‌కు నేలమీద ఏసీ లైన్లు కూడా ఉన్నాయి, కొంత అటు మళ్లించవచ్చు. మరీ అవసరమైతే స్పిటల్ తాను పంపడం మానేసి, షెట్లండ్ నుంచి వచ్చేదాన్నే కాస్త దించుకోవచ్చు. అంటే ఎవరు ఎంత పంపాలి, ఎవరు ఎంత తీసుకోవాలి అన్నది గాలిని బట్టి, గంటను బట్టి మారిపోతూ ఉంటుంది. కేబుల్ వేయడం ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని. ఈ పంపకం మాత్రం క్షణక్షణమూ జరగాల్సిందే. దీవులను డీసీ గ్రిడ్‌తో కలిపే ఇంజినీర్లకు అసలు తలనొప్పి ఇక్కడే.

ముందు ఒక చిన్న సంగతి తేల్చుకుందాం. ఇళ్లలో, వీధుల్లో, పెద్ద టవర్ల మీద అంతటా ఏసీయే ఉండగా సముద్రం దాటడానికి డీసీ ఎందుకు? కేబుల్ అంటే మధ్యలో రాగి, చుట్టూ ఇన్సులేషన్, దాని మీద లోహపు తొడుగు. అంటే అదొక పొడవాటి కెపాసిటర్. ఏసీ ఓల్టేజి సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ కెపాసిటర్‌ను ఎడతెగకుండా నింపుతూ, ఖాళీ చేస్తూ ఉండాలి. 220 కిలోవోల్టుల కేబుల్‌కు కిలోమీటరుకు 0.2 మైక్రోఫారడ్ కెపాసిటెన్స్ అనుకుంటే, ఈ పనికే కిలోమీటరుకు 8 ఆంపియర్లు పోతాయి. షెట్లండ్ నుంచి సముద్రం అడుగున దూరం 250 కిలోమీటర్ల పైమాటే. అంటే 2000 ఆంపియర్లు. రెండు కొసల్లో రియాక్టర్లనే తీగచుట్టలు పెట్టి చెరిసగం పంచుకున్నా ఒక్కో కొసకు వెయ్యి పడుతుంది. అలాంటి కేబుల్ మొత్తంగా మోయగలిగేదే ఇంచుమించు అంత. తన బరువు తాను మోసుకునేసరికే దాని పని అయిపోతుంది, సరుకుకు చోటుండదు. డీసీలో ఆ కెపాసిటర్ ఒకసారి నిండితే మళ్లీ పట్టించుకోనక్కర్లేదు.

ఈ సంగతి ఇంజినీర్లకు ఎప్పటినుంచో తెలుసు. ఏసీని డీసీగా, డీసీని మళ్లీ ఏసీగా మార్చే యంత్రమే చాలాకాలం చేతికి అందలేదు. స్వీడన్ ఇంజినీరు ఊనో లామ్ రెండు దశాబ్దాలకు పైగా పాదరసపు వాల్వుల మీద పనిచేశాక, 1954లో గోట్లండ్ దీవికి మొదటి వాణిజ్య డీసీ కేబుల్ పడింది. 100 కిలోవోల్టులు, 20 మెగావాట్లు, సుమారు వంద కిలోమీటర్ల దూరం. తీగ ఒక్కటే, తిరుగు ప్రయాణానికి సముద్రపు నీరే దారి. 1965లో న్యూజీలండ్ తన దక్షిణ దీవిలోని జలవిద్యుత్తును ఉత్తర దీవి నగరాలకు ఇలాగే పంపింది, అదీ ఏకంగా 600 మెగావాట్లు. మన దగ్గర మొదటి ప్రయోగం తెలుగు నేల మీదే మొదలైంది. 1989లో దిగువ సీలేరు నుంచి బార్సూరుకు 196 కిలోమీటర్ల డీసీ లైన్ వేశారు. అది దాటింది అడవులను, సముద్రాన్ని కాదు.

ఇవన్నీ రెండు కొసల లైన్లు. ఒక కొస ఎంత పంపితే రెండో కొస, దారిలో పోయింది పోగా, అంతా తీసుకుంటుంది. ఎవరు ఎంత అన్న ప్రశ్నే రాదు. మూడో కొస చేరినప్పుడే కథ మొదలవుతుంది. ఆ తంటా ముందుగా చవిచూసింది కోర్సికా.

1960ల చివర్లో ఇటలీ ప్రధాన భూభాగం నుంచి సార్డీనియాకు 200 మెగావాట్ల డీసీ లైన్ వేశారు. దారి మధ్యలో ఫ్రాన్స్‌కు చెందిన కోర్సికా దీవి ఉంది, లైన్ దాని మీదుగానే పోతుంది. గుమ్మం ముందు నుంచి కరెంటు పోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎందుకని, 1980ల చివర్లో లూచియానా అనే చోట 50 మెగావాట్ల స్టేషన్ కట్టి లైన్‌కు తగిలించారు. అయితే ఆనాటి కన్వర్టర్లకు ఒక మొండి లక్షణం ఉంది. వాటిలో కరెంటు ఒక దిశలోనే పారుతుంది. విద్యుత్తును వెనక్కి పంపాలంటే కరెంటు దిశ మార్చడం కుదరదు, ఓల్టేజి ధ్రువాలను తారుమారు చేయాలి. రెండే కొసలుంటే ఇబ్బంది లేదు, ఇద్దరూ ఒకేసారి మార్చుకుంటారు. మధ్యలో ఉన్న కోర్సికాకు మాత్రం సార్డీనియా పంపుతున్నా ఇటలీ పంపుతున్నా ఒకటే, తన 50 తనకు కావాలి. అవతలివాళ్లు దిశ మార్చిన ప్రతిసారీ కోర్సికా స్విచ్చులతో తన కనెక్షన్‌ను తలకిందులు చేసుకోవాల్సిందే. పైగా ఆ పాతతరం యంత్రాల్లో చిన్న స్టేషన్ తడబడితే పెద్ద లైన్ కూడా తడబడుతుంది. ఇన్ని తిప్పలున్నా ఆ ఏర్పాటు దశాబ్దాల పాటు నడిచింది. ఇంజినీర్ల ఓర్పుకు దండం పెట్టాలి గానీ, దాన్ని గ్రిడ్ అనడానికి మనసొప్పదు.

దారి తెరిచింది కొత్తతరం కన్వర్టర్లు. ట్రాన్సిస్టర్ జాతి స్విచ్చులతో పనిచేసే ఈ రకాన్ని 1997లో స్వీడన్‌లో చిన్న ప్రయోగ లైన్ మీద, 1999లో మళ్లీ గోట్లండ్‌లోనే 50 మెగావాట్ల స్థాయిలో నడిపి చూశారు. వీటిలో ఓల్టేజి ధ్రువాలు ఎప్పటికీ మారవు. దిశ మారాలంటే కరెంటే వెనక్కి తిరుగుతుంది. అందుకే ఎన్ని స్టేషన్లనైనా ఒకే జత కేబుళ్లకు పక్కపక్కన తగిలించవచ్చు, ఎవరికి వారు ఇష్టమొచ్చినప్పుడు పంపేవారు కావచ్చు, పుచ్చుకునేవారు కావచ్చు. 2013 డిసెంబరులో చైనా గ్వాంగ్‌డాంగ్ తీరాన నాన్ఆవ్ దీవిలోని గాలిమరల కోసం మూడు స్టేషన్ల గ్రిడ్ వచ్చింది. 2014లో జోషాన్ ద్వీపసమూహంలో ఐదు స్టేషన్లది వచ్చింది. డింగ్‌హై 400 మెగావాట్లు, డైషాన్ 300, చూషాన్, యాంగ్‌షాన్, సిజియావ్ తలా వంద. షెట్లండ్ గ్రిడ్ పని మొదలుపెట్టింది 2024లో. అంతవరకూ ఆ దీవులకు బ్రిటన్ గ్రిడ్‌తో ఏ సంబంధమూ లేదు, ఎక్కువ భారం లెర్విక్‌లోని పాత డీజిల్ స్టేషనే మోసింది.

ఇక అసలు సంగతికి వద్దాం. డీసీ తీగలో కరెంటు ఎటు పారాలో చెప్పేది ఒకే ఒక్కటి, రెండు కొసల మధ్య ఓల్టేజి తేడా. పంట కాలువలో నీరు మట్టం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోయినట్టే. అయితే ఆ తేడా ఎంత స్వల్పమో లెక్క వేస్తే గానీ తెలియదు.

జోషాన్ ఓల్టేజినే తీసుకుందాం. ఒక కేబుల్ మీద +200 కిలోవోల్టులు, జంట కేబుల్ మీద −200, రెంటి మధ్య 400. వెయ్యి చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ నిరోధం కిలోమీటరుకు సుమారు 0.02 ఓమ్. వంద కిలోమీటర్లకు 2 ఓమ్‌లు, పోను రాను కలిపి 4. దాంట్లో 1000 ఆంపియర్లు, అంటే 400 మెగావాట్లు పారాలంటే రెండు కొసల మధ్య ఎంత తేడా ఉండాలి? 4 కిలోవోల్టులు. 400లో 4 అంటే నూటికి ఒకటి. పంపే కొస ఓల్టేజిని ఒక్క శాతం పెంచితే ఒక చిన్న నగరానికి సరిపడే కరెంటు బయలుదేరుతుంది. దానికి బదులు అవతలివాడు ఒక్క శాతం పెంచితే అంతా ఇటువైపు పారుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఓల్టేజిని కొలిచే సాధనం వెయ్యింటికి ఒకటి తప్పు చూపిందనుకోండి. 400 కిలోవోల్టుల్లో అది 400 వోల్టులు. 4 ఓమ్‌ల దారిలో 400 వోల్టులంటే 100 ఆంపియర్లు, అంటే 40 మెగావాట్లు. మీటరు ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినందుకు ఒక చిన్న దీవి మొత్తం లోడ్ అంత విద్యుత్తు దారి తప్పుతుంది. ఓల్టేజిని నేరుగా పట్టుకుని ప్రవాహాన్ని నడిపిద్దామని ప్రతి స్టేషనూ కూర్చుంటే ఎంత గందరగోళమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఏసీ గ్రిడ్‌లో పరిస్థితి వేరు. అక్కడ అందరికీ ఒకే గడియారం ఉంటుంది, అదే ఫ్రీక్వెన్సీ. మన దేశంలో ఏ మూలన ఒక జనరేటర్ ఆగిపోయినా 50 హెర్ట్జ్ కాస్త దిగుతుంది. ఆ దిగడం విశాఖలోనూ జలంధర్‌లోనూ ఒకే మాదిరిగా కనబడుతుంది. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు, ప్రతి స్టేషన్‌లో వేగాన్ని అదుపు చేసే గవర్నర్ అనే సాధనం తన వంతు తాను పెంచుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైన్ పడేదాకా దక్షిణాది గ్రిడ్‌కు వేరే గడియారం ఉండేది. మిగతా దేశంతో దానికున్న పెద్ద లంకెలు గాజువాక, భద్రావతి, తాల్చేరు–కోలారు లాంటి డీసీ లంకెలే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది చీకట్లో మునిగినప్పుడు హైదరాబాద్‌లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయంటే కారణం అదే. డీసీ లంకె అవతలి కుదుపును ఇవతలికి తీసుకురాదు, ఎంత పంపమంటే అంతే పంపుతుంది.

అవతలి కుదుపును అడ్డుకునే ఆ గుణమే డీసీ గ్రిడ్ లోపల సమస్య తెచ్చిపెడుతుంది. డీసీలో ఫ్రీక్వెన్సీ లేదు. గిర్రున తిరిగే టన్నులకొద్దీ ఉక్కు రోటర్లు లేవు. ఏసీ గ్రిడ్‌లో ఆ రోటర్లలో దాగిన శక్తి నాలుగైదు సెకన్ల పూర్తి లోడ్‌కు సమానం. జనరేటర్ పడిపోయినా ఆలోచించుకునేంత వ్యవధి దొరుకుతుంది. డీసీ గ్రిడ్‌లో నిల్వ ఉండేది కన్వర్టర్ కెపాసిటర్లలోనే. మెగావోల్ట్‌ఆంపియర్‌కు 30, 40 కిలోజౌళ్లు, అంటే పూర్తి లోడ్‌కు 30 నుంచి 40 మిల్లీసెకన్లు. కనురెప్ప వాల్చి ఎత్తేలోగా అయిపోతుంది. 400 పుచ్చుకుంటున్న స్టేషన్ ఠక్కున ట్రిప్ అయిందంటే, పంపేవాళ్లకు ఆ విషయం తెలిసేలోపే మిగిలిపోయిన కరెంటంతా కెపాసిటర్లలోకి దూరి గ్రిడ్ ఓల్టేజిని ఎగదోస్తుంది. కంట్రోల్ రూమ్‌కు కబురు పోయి, అక్కడ కంప్యూటర్ లెక్క కట్టి, మళ్లీ ఆజ్ఞ రావడం ఈ వేగానికి కుదిరే పని కాదు.

తేలికైన ఏర్పాటు ఒకటుంది. ఒక్క పెద్ద స్టేషన్‌కు ఓల్టేజి నిలబెట్టే బాధ్యత అప్పగిస్తారు. మిగతావన్నీ చెప్పినంత పంపుతాయి లేదా తీసుకుంటాయి, హెచ్చుతగ్గులన్నీ ఆ పెద్దది మింగుతుంది. షెట్లండ్ లాంటి చోట బ్లాక్‌హిల్లాక్, జోషాన్‌లో డింగ్‌హై ఆ పెద్దరికానికి సరిపోతాయి. గొడవలేని రోజుల్లో ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. కానీ ఆ పెద్దదే ట్రిప్ అయిందా, మిగతావాటిలో ఎవరికీ ఓల్టేజి తమ పని అని తెలియదు. అందుకని ఓల్టేజి ఒక హద్దు దాటగానే రెండో స్టేషన్ పగ్గాలు అందుకునేలా ముందే రాసి పెడతారు. పగ్గాలు చేతులు మారే ఆ క్షణంలో పడే కుదుపు మాత్రం తప్పదు.

మెరుగైన పద్ధతి డ్రూప్. దాని సూత్రాన్ని ఏసీ గవర్నర్ల నుంచే తెచ్చుకున్నారు. ఓల్టేజి పెరిగిందంటే గ్రిడ్‌లో మిగులు ఉన్నట్టు, కాబట్టి నేను ఇంకాస్త దించుకుంటాను. తగ్గిందంటే కొరత, కాబట్టి తక్కువ తీసుకుంటాను. ప్రతి స్టేషనూ ఇదొక్కటే పాటిస్తుంది. ఎంత పెరిగితే ఎంత అదనంగా తీసుకోవాలన్న నిష్పత్తిని, అంటే వాలును, ప్రతిదానికీ ముందుగానే నిర్ణయిస్తారు.

కాగితం మీద చూద్దాం. 400 కిలోవోల్టుల గ్రిడ్‌లో ఒక స్టేషన్ 300 మెగావాట్లు తీసుకుంటూ హఠాత్తుగా ఊడిపోయింది. మిగిలిన రెండింటిలో మొదటిదాని వాలు కిలోవోల్టుకు 25 మెగావాట్లు, రెండోదానిది 50. రెండూ కలిపి కిలోవోల్టుకు 75. కాబట్టి ఓల్టేజి 4 కిలోవోల్టులు పెరిగి ఆగుతుంది. మొదటిది 100, రెండోది 200 అదనంగా తీసుకుంటాయి. మూడు వందలూ సర్దుకున్నాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. కానీ రెండోది అప్పటికే నిండుగా నడుస్తూ ఉంటే? అది చేతులెత్తేస్తుంది, మూడు వందలూ మొదటిదాని మీదే పడతాయి. అప్పుడు ఓల్టేజి పెరిగేది 4 కాదు, 12 కిలోవోల్టులు. ఇన్సులేషన్ తట్టుకుంటుంది గానీ, రక్షణ వ్యవస్థలు ఉలిక్కిపడేంత పెరుగుదల అది. వాలు నిర్ణయించేటప్పుడు స్టేషన్ సైజు చూస్తే చాలదు, ఆ గంటకు దాంట్లో ఎంత ఖాళీ మిగిలిందో చూడాలి. గాలి మారితే ఆ ఖాళీ మారుతుంది, వాలూ మారాలి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే ముడి ఇంకొకటుంది. ఏసీలో ఫ్రీక్వెన్సీ కబురు మాత్రమే మోస్తుంది, అందరికీ ఒకే అంకె. డీసీలో ఓల్టేజి కబురూ మోయాలి, కరెంటునూ తొయ్యాలి. మనం పైన చూసినట్టు, మామూలు రోజున 400 మెగావాట్లు పారడానికే రెండు కొసల మధ్య ఒక శాతం తేడా ఉంటుంది. ప్రమాదం వచ్చినప్పుడు డ్రూప్ పంపే సంకేతమూ ఒక శాతమే. మరి తన మీటరులో ఒక శాతం ఎక్కువ చూసిన స్టేషన్ ఏమనుకోవాలి? గ్రిడ్‌లో మిగులు ఉందనా, తాను పంపే కొసన ఉన్నాననా? కేబుళ్లు పొడవైన కొద్దీ ఈ సందిగ్ధం ముదురుతుంది. ఫలితంగా వాలు ప్రకారం రావాల్సిన పంపకం నిజంగా జరిగేటప్పటికి అటూ ఇటూ అవుతుంది. ఊడిపోయిన చోటికి దగ్గర్లో ఉన్న స్టేషన్ ఎక్కువ మోస్తుంది, దూరంగా ఉన్నది తప్పించుకుంటుంది.

అందుకే పనిని రెండు అంతస్తులుగా విడగొట్టారు. కింది అంతస్తులో డ్రూప్, మిల్లీసెకన్లలో, ఎవరినీ అడక్కుండా. అది గ్రిడ్‌ను నిలబెడుతుంది, అందంగా పంచడం దాని బాధ్యత కాదు. పై అంతస్తులో కంట్రోల్ సెంటర్ తీరిగ్గా, సెకన్లూ నిమిషాల లెక్కన, మొత్తం గ్రిడ్ ప్రవాహాలను మళ్లీ లెక్కగట్టి ప్రతి స్టేషన్‌కూ కొత్త గురి అంకెలు పంపుతుంది. ఈ ఓల్టేజి వద్ద నువ్వు ఇంత, ఇక్కడి నుంచి నీ వాలు ఇంత. కేబుల్ నిరోధాల వల్ల వచ్చిన వంకరంతా ఆ అంకెల్లో సరిచేస్తారు. మధ్యలో సమాచార లైన్ తెగిపోయినా స్టేషన్లు చివరగా అందిన అంకెలతో నడుస్తూనే ఉంటాయి.

వాలు అన్నది ఇంజినీరింగ్ అంకెలా కనిపిస్తుంది గానీ, నిజానికి అది ఎవరు ఎంత నొప్పి పడాలన్న తీర్పు. చూషాన్ లాంటి చిన్న దీవిలో స్టేషన్ సామర్థ్యం వంద మెగావాట్లు ఉండొచ్చు. దాని వెనకున్న ఏసీ గ్రిడ్ మాత్రం బక్కది. ఒక్కసారిగా 50 మెగావాట్లు మీద పడితే అక్కడి ఫ్రీక్వెన్సీ గంతులేస్తుంది. షెట్లండ్‌లో వైకింగ్ విండ్ ఫార్మ్ ఒక్కటే 103 మరలతో 443 మెగావాట్లు. దీవుల సొంత వాడకం కొన్ని పదుల మెగావాట్లకు మించదు. దక్షిణాన పుచ్చుకునేవాళ్లు ఆగిపోతే మిగులంతా నువ్వే దించుకో అని కెర్గోర్డ్‌కు చెప్పడంలో అర్థం లేదు. అలాంటి స్టేషన్లకు వాలు సున్నాకు దగ్గరగా పెడతారు, లేదా చిన్న హెచ్చుతగ్గులకు కదలకుండా ఒక నిశ్చల పట్టీ ఇస్తారు. ఓల్టేజి మరీ పెరిగితే మరలనే నెమ్మదింపజేస్తారు. ఆ మాత్రం సమయం కూడా లేకపోతే మిగులు కరెంటును పెద్ద రెసిస్టర్లలోకి మళ్లించి వేడిగా తగలబెట్టే ఏర్పాటు కొన్ని డీసీ లంకెల్లో ఉంటుంది. వినడానికి దుబారాగా ఉంటుంది. ఒకటి రెండు సెకన్ల దుబారాతో గ్రిడ్ నిలబడితే అది చవకే.

ఇప్పటిదాకా చెప్పింది చెట్టు కొమ్మల్లాంటి గ్రిడ్ గురించి, ఏ రెండు చోట్ల మధ్యనైనా ఒకటే దారి. స్టేషన్లను అదుపు చేస్తే దారులన్నీ అదుపులో ఉంటాయి. కానీ ఒక కేబుల్ తెగినా మరో దారి ఉండాలని దీవులను చుట్టూ వలయంలా కలిపారనుకోండి, కొత్త చిక్కు వస్తుంది. కరెంటు ఏ దారిన ఎంత పోవాలన్నది స్టేషన్లు చెప్పలేవు, నిరోధాలే నిర్ణయిస్తాయి.

మూడు దీవులు అ, ఆ, ఇ అనుకుందాం. అ నుంచి ఇ కి 900 ఆంపియర్లు వెళ్లాలి. ఆ మీదుగా పోయే దారి నిరోధం 2 ఓమ్‌లు, నేరుగా పోయే దారిది 4. కరెంటు సులువైన దారినే ఎక్కువగా ఎంచుకుంటుంది. ఆ మీదుగా 600, నేరుగా 300. ఆ మీదుగా వెళ్లే కేబుల్ 500 మించి మోయలేదని తేలితే? స్టేషన్ల చేతిలో ఒకటే మార్గం, మొత్తం ప్రవాహాన్ని 750కి కుదించడం. అప్పుడు 500, 250గా చీలుతుంది. నేరు కేబుల్‌లో బోలెడు ఖాళీ ఉంటుంది, ఐనా 150 ఆంపియర్లు వదులుకోవాలి. 400 కిలోవోల్టుల దగ్గర అది 60 మెగావాట్లు.

విరుగుడు ఆశ్చర్యపోయేంత చిన్నది. నేరు కేబుల్ మొదట్లో ఒక చిన్న ఓల్టేజి మూలాన్ని వరుసలో పెట్టాలి. మనకు కావలసింది ఆ మీదుగా 500, నేరుగా 400. మొదటి దారిలో పడిపోయే ఓల్టేజి 1000 వోల్టులు, రెండో దారిలో 1600. తేడా 600 వోల్టులు. ఆ 600 వోల్టుల ఊతం ఇస్తే చాలు, 900 ఆంపియర్లూ నడుస్తాయి. 400 ఆంపియర్లకు 600 వోల్టులంటే 240 కిలోవాట్లు. 360 మెగావాట్ల ప్రవాహాన్ని 240 కిలోవాట్ల పరికరం దారిలో పెడుతోంది, అంటే పదిహేను వందల్లో ఒక వంతు. ఆ శక్తిని బయటి నుంచి తేనక్కర్లేదు కూడా. పక్క కేబుల్ నుంచి కాస్త తీసి ఈ కేబుల్‌లోకి తోసే పరికరాల మీద పదేళ్లకు పైగా పరిశోధనలు సాగుతున్నాయి. పరికరం వాడేది కొన్ని వందల వోల్టులే అయినా అది నిలబడేది 200 కిలోవోల్టుల తీగ మీద, భూమి నుంచి అంత ఓల్టేజికీ ఇన్సులేట్ చేసి. ఖర్చంతా అక్కడే.

ప్రవాహాన్ని నడపడం ఒక ఎత్తు, అవసరమైనప్పుడు దాన్ని తెగ్గొట్టడం ఒక ఎత్తు. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది, బ్రేకర్ ఆ క్షణాన్ని కనిపెట్టి ఆర్కును ఆర్పుతుంది. డీసీకి సున్నా లేదు. కేబుల్‌లో షార్ట్ అయితే కరెంటు ఎగబాకుతూనే ఉంటుంది. 2014లో జోషాన్ గ్రిడ్ మొదలైనప్పుడు డీసీ బ్రేకర్లు లేవు. ఏ ఒక్క కేబుల్‌లో లోపం వచ్చినా ఏసీ వైపు బ్రేకర్లు తెరిచి ఐదు స్టేషన్లనూ ఆపడం తప్ప వేరే దారి లేదు. ఐదు దీవులను కలిపామని చెప్పుకుంటూ ఒకదాని జబ్బును ఐదింటికీ పంచడం లాంటిది. 2016లో అక్కడ 200 కిలోవోల్టుల బ్రేకర్ పెట్టారు. 15 వేల ఆంపియర్లను 3 మిల్లీసెకన్లలో తెగ్గొట్టగలదు. మామూలు వేళ కరెంటు మెకానికల్ స్విచ్చు గుండా పోతుంది, నష్టం తక్కువ. లోపం రాగానే దాన్ని సెమీకండక్టర్ల వరుసలోకి మళ్లిస్తారు, మెకానికల్ స్విచ్చు మంట లేకుండా విడివడుతుంది, ఆపై సెమీకండక్టర్లు దారి మూసేస్తాయి. చిక్కుకున్న శక్తి సర్జ్ అరెస్టర్లలో వేడిగా మారుతుంది.

డీసీ గ్రిడ్ ఎంత నేర్పుగా పంచినా, ఆ కరెంటు చేరాక తీసుకెళ్లే ఏసీ లైన్లు ఇరుకైతే ఫలితం ఉండదు. షెట్లండ్ అనుభవం అదే. దక్షిణ స్కాట్లండ్, ఇంగ్లండ్ వైపు లైన్లు చాలక వైకింగ్ మరలను చాలాసార్లు ఆపమని చెప్పి, ఆపినందుకు పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. పత్రికలు దీన్ని కేబుల్ వైఫల్యంగా రాశాయి. నా దృష్టిలో అది అన్యాయం, కేబుల్ తన పని తాను చేసింది.

తర్వాతి పెద్ద పరీక్ష బాల్టిక్ సముద్రంలోని బార్న్‌హోమ్ దీవి దగ్గర జరగబోతోంది. చుట్టూ సముద్రంలో 3000 మెగావాట్ల గాలిమరలు, అక్కడి నుంచి జర్మనీకి 2000, డెన్మార్క్‌లోని జీలండ్‌కు 1200 మెగావాట్ల లంకెలు, 525 కిలోవోల్టుల వద్ద. గాలి లేని రోజున అదే తీగలు రెండు దేశాల మధ్య వ్యాపారానికి పనికొస్తాయి. గంట గంటకూ ఎటు ఎంత పోవాలో రెండు దేశాల మార్కెట్ ధరలు చెబుతాయి. ఏదైనా ట్రిప్ అయినప్పుడు మొదటి వంద మిల్లీసెకన్లలో ఎవరు మోయాలో మాత్రం ధరలు చెప్పవు, వాలు చెబుతుంది. ఆ వాలు కన్వర్టర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌ను తయారీదారులు వ్యాపార రహస్యంగా దాచుకుంటారు. ఒకే గ్రిడ్‌లో ఇద్దరు ముగ్గురు తయారీదారుల యంత్రాలు చేరితే, ఒకదాని వాలు రెండోదానితో పేచీ పడి ఓల్టేజి ఊగిసలాడవచ్చు. 2023లో యూరప్‌లో మొదలైన ఇంటర్‌ఒపేరా ప్రాజెక్టు పని ఇదే. రహస్యం బయటపెట్టకుండానే ప్రతి యంత్రం బయటికి ఎలా ప్రవర్తించాలో ఉమ్మడి నిబంధనలు రాయడం, ఒకరి కంట్రోల్ పెట్టెను మరొకరి పెట్టెతో కలిపి ప్రయోగశాలలో నడిపి చూడటం.